మిరప కల్లంలో సైదాబీ చివరి ఆట

నా డైరీలో మార్చి నెల పేజీలు నాలుగింటికి ఎర్రటి మరకలున్నాయి. వాసన చూస్తే ఇప్పటికీ తుమ్ము వస్తుంది. ఇన్నేళ్లుగా డైరీ రాస్తున్నాను గానీ, పేజీ తిప్పడానికి వేలు తడి చేసుకుంటే నాలుక మండే డైరీ నా దగ్గర ఇదొక్కటే. పల్నాడు వెళ్లివచ్చిన గుర్తు అది.

నేను విశాఖపట్నంలో ఒక ఫ్యాక్టరీ స్పోర్ట్స్ సెక్షన్లో పనిచేసి రిటైరయ్యాను. ఆడినవాణ్ణి కాదు. ఆడేవాళ్ల టికెట్లు, బస, భోజనం, బూట్ల సైజులు చూసుకునేవాణ్ణి. మా మహిళల బాస్కెట్‌బాల్ జట్టులో సైదాబీ అని ఒక పాయింట్ గార్డ్ ఉండేది. ఆట తెలియనివారి కోసం చెబుతాను. బంతిని కోర్టు ఈ చివరి నుంచి ఎదుటి రింగు వైపు తీసుకెళ్లి, ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి వాళ్ల చేతికి అందించే మనిషి పాయింట్ గార్డ్. పెళ్లిలో వడ్డన దగ్గర నిలబడే పెద్దమ్మ లాంటిది. ఏ విస్తట్లో ఏం తగ్గిందో ఆమెకే తెలుస్తుంది. తను తిన్నదో లేదో ఎవరూ చూడరు.

సైదాబీ మా జట్టుకు పద్దెనిమిదేళ్ల పిల్లగా వచ్చింది. పొట్టి మనిషి. బంతిని మోకాలి కంటే కిందనే కొడుతూ పరుగెత్తేది. ఎదుటివాళ్లు దాన్ని లాక్కోవాలంటే నడుం వంచాల్సిందే. మాకు ఎన్నో కప్పులు వచ్చాయి. తర్వాత ఒక ప్రైవేటు లీగువాళ్లు కాంట్రాక్టు ఇచ్చి తీసుకెళితే రెండు సీజన్లు ఆడింది. తిరిగి వచ్చి మా జట్టుకు కెప్టెన్ అయింది. మోకాలికి ఆపరేషన్ అయ్యాక, పోయిన ఏడాది ఆట మానేసి గురజాల దగ్గర సొంత ఊరు చేరుకుంది. అక్కడి స్కూల్లో పిల్లలకు ఆట నేర్పుతోంది.

ఫిబ్రవరి చివర్లో ఫోన్ చేసింది. "సార్, మా అమ్మ నా ఆట ఒక్కసారి కూడా చూడలా. టోర్నమెంట్లన్నీ కాయలు కోసే రోజుల్లోనే వచ్చేవి. పని వదిలి ఆమె ఎప్పుడూ రాలా. మన టీము గుంటూరు వస్తోంది గదా, ఒక ఆదివారం మా ఊరొచ్చి ఆడతామన్నారు. ఒక అరగంట ఆడొచ్చు, ఆ తర్వాత ఇంక వద్దన్నాడు డాక్టరు. ఆ అరగంట మా అమ్మ ముందు ఆడతా. మీరు రావాలి. మన టీములో మీరు లేకుండా నేనాడిన మ్యాచ్ లేదు."

రెండు పెన్నులు, డైరీ, కళ్లజోడు తుడుచుకునే గుడ్డ సర్దుకుని బయలుదేరాను.

నరసరావుపేట

నరసరావుపేటలో దిగిన పొద్దున బస్టాండు దగ్గర చిన్న హోటల్లో ఇడ్లీ తిన్నాను. ప్లేటు ముప్ఫై రూపాయలు. మా విశాఖలో ఇడ్లీ పక్కన కారప్పొడి అంటే చిటికెడు. ఇక్కడ ఇడ్లీకి సమానంగా ఎర్రటి గుట్ట, దాని మధ్యలో గుంట, గుంటలో నెయ్యి. సగం వదిలేశాను. హోటలాయన ప్లేటు చూసి నా ముఖం చూశాడు.

"ఏంది పెద్దాయనా, పొడి బాలేదా?"

"బాగుందండీ. కాస్త కారం."

"అది కారప్పొడే గదా" అన్నాడు ఆయన, నాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదేమోనన్నట్టు.

పిడుగురాళ్ల బస్సులో పక్కన ఒక రైతు కూర్చున్నాడు. నకరికల్లు దాటేలోపు నా వయసు, పెన్షన్, బీపీ, పిల్లలెందరో, వాళ్లెందుకు నాతో రాలేదో అన్నీ అడిగేశాడు. మా వైపు ఈ ప్రశ్నలన్నీ అడగడానికి నాలుగైదు సార్లు కలిసి కాఫీ తాగాలి. ఇక్కడ అడగకపోతే లెక్క చేయనట్టు అనుకుంటారట. ఆ మాటా ఆయనే చెప్పాడు.

"ఏం పని మీద పోతన్నావు?"

"బాస్కెట్‌బాల్ ఆట చూడ్డానికి."

ఆయన నావైపు పూర్తిగా తిరిగాడు. "బంతాటకా? కల్లాల మీద కాయలున్న రోజుల్లోనా? యాడ ఆడతారయ్యా, నెత్తి మీదా?"

అప్పుడు నవ్వాను. ఆ ప్రశ్న ఎంత సరైందో మర్నాడు గానీ తెలియలేదు.

పిడుగురాళ్ల

ఇక్కడ సున్నపు బట్టీలు ఎక్కువ. రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద కూడా తెల్లటి పొర కనిపించింది. టీ కొట్టు దగ్గర నిలబడ్డ అయిదు నిమిషాల్లోనే కళ్లజోడు మసకబారింది. తుడుచుకుంటుంటే కొట్టాయన, గడ్డం నెరిసిన ముసల్మాను పెద్దమనిషి, ఆపాడు.

"పొడిగుడ్డతో రుద్దమాక బాబాయ్, గీతలు పడతై. కడుగు." గ్లాసు నీళ్లు ఆయనే అందించాడు.

టీ పది రూపాయలు. నీళ్లకు ఏమీ తీసుకోలేదు. సైదాబీ పేరు చెప్పి, మీకు తెలుసా అని అడిగాను. "మౌలాలి కూతురేగా! ట్రాక్టర్ మెకానిక్ మౌలాలి. పోయి చానా ఏళ్లయింది. మంచోడు. బంతి పిల్లని జనం ఎగతాళి చేస్తే, 'నా బిడ్డ ఇంజను, మీకు సౌండే ఇనబడతంది' అనేవోడు." కొట్టాయన గట్టిగా నవ్వి, ఇంకో టీ పోశాడు. దానికి మాత్రం డబ్బులు తీసుకున్నాడు.

గురజాల

సైదాబీ మోపెడ్ మీద వచ్చి నన్ను ఎక్కించుకుంది. ఒకప్పుడు ఈ మనిషిని దేశమంతా తిప్పింది నేను. ఇప్పుడు బ్యాగు ఒళ్లో పెట్టుకుని ఆమె వెనక కూర్చున్నాను. దారంతా ఎరుపే. కనిపించిన చదునైన చోటల్లా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి.

వాళ్లది రెండు గదుల ఇల్లు. వాకిట్లో నాపరాళ్లు పరిచి ఉన్నాయి. ప్రహరీ కూడా నిలువుగా పాతిన నాపరాళ్లే. తల్లి కాశింబీ గడప దగ్గర కూర్చుని మిరపకాయల తొడిమలు తుంచుతోంది. డెబ్భై దాటి ఉంటాయి. చేతులు ఆపకుండానే నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వేనా మా అమ్మాయికి బూట్లు కొనిచ్చే సారువి?"

"నేనేనమ్మా."

"చానా సన్నగుండావే. అన్నం నువ్వు తినకుండా వాళ్లకే పెట్టావా?"

ఆ రాత్రి భోజనంలో గోంగూర పప్పు, పండుమిరపకాయ పచ్చడి, వంకాయ పులుసు. మా వైపు పులుసులో బెల్లం ముక్క వేస్తారు. మండుతున్న నోటితో, కాస్త బెల్లం ఉందా అని అడిగాను. కాశింబీ కూతురి వైపు తిరిగింది. "పులుసులో బెల్లమంట! పాయసంలో కారం గూడా ఏస్తారేమో అడగవే." అన్నదే గానీ లేచి వెళ్లి, పక్కింటి నుంచి బెల్లం గడ్డ తెచ్చి నా విస్తట్లో పెట్టింది.

భోజనాలయ్యాక, రేపు ఆటకు వస్తున్నారా అని ఆమెను అడిగాను.

"వస్తాలే. చూడ్డానికేముంది గనక?" అంది కాశింబీ. "ఈళ్ల నాయన ఉన్నప్పుడు పేపరు తెచ్చి చదివించేవోడు. గెలిచారని ఉండేది. ఎవరెవరు ఎన్నేశారో పేర్లుండేయి. దీని పేరు ఒక్కసారీ లేదయ్యా. ఏసినోళ్ల పేర్లే రాస్తారంట. మరి ఇదేం చేసినట్టు? ఇన్నేళ్లు జీతం ఎందుకిచ్చినట్టు?" గొంతు తగ్గించి నాకొక్కడికే వినబడేలా అడిగింది. "నిజం చెప్పు సారూ. మా అమ్మాయికి ఆట రాకపోతే జాలిపడి పెట్టుకున్నారా?"

నేను చెప్పాను. వడ్డన, విస్తళ్లు, పెద్దమ్మ, అన్నీ చెప్పాను. ఆమె వింది. "పెద్దోళ్లు మర్యాదకి అట్టాగే చెప్తారులే" అని మళ్లీ తొడిమలు అందుకుంది. గోడవతల గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగిపోయి ఉంది. సైదాబీ వింటోందని నాకు అప్పుడే తెలిసింది.

కల్లం

మర్నాడు ఆదివారం. కోర్టు చూద్దామని పొద్దున్నే స్కూలుకు వెళ్లాం. కోర్టు లేదు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మిరపకాయలు, మడిచిన చీర విప్పి పరిచినట్టు. మధ్యలో మాత్రం మనిషి నడవడానికి సన్నటి దారులు.

ఊళ్లో సిమెంటు చేసిన చదును నేల అదొక్కటే. అందుకని ఏటా కాయల రోజుల్లో అది కల్లమైపోతుంది. బడిపిల్లలకు, రైతులకు మధ్య అదొక పాత ఒప్పందమట. సైదాబీ ఆ దారుల వైపు చెయ్యి చూపించింది. "నేను బంతి కొట్టడం నేర్చుకుంది ఇక్కడే సార్. ఆ సందుల్లో. బంతి ఎత్తు లేచి కాయల మీద పడిందా, రైతు చెవి మెలేసేవాడు. అందుకే కిందకి కొట్టడం అలవాటైంది." పదేళ్లుగా మా కోచ్‌లు తలలు పట్టుకుని అధ్యయనం చేసిన ఆ డ్రిబ్లింగ్ రహస్యం మిరపకాయలదన్నమాట.

కోర్టుకు రెండు వైపులా రింగులున్నాయి. బడి గోడ వైపున్నది సరైన కొలత. రోడ్డు వైపున్నది మాత్రం వింతగా ఉంది. నాపరాతి స్తంభానికి బిగించిన ఇనుప రింగు. ఉండాల్సినదాని కంటే కిందకుంది, చిన్నదిగా ఉంది. "మా నాయన చేసింది" అంది సైదాబీ. "బంతి పడితే చాలు గదా అని బంతిని కొలత పెట్టి వెల్డింగ్ చేశాడు. స్తంభం ఎంత ఎత్తుంటే అంత ఎత్తు. దూరం నుంచి వేస్తే పడదు సార్. పొడుగు పిల్లలు దగ్గరికెళ్లి చెయ్యెత్తి పెట్టాల్సిందే. నేను పొట్టి. ఇంకేం చేస్తాను, పొడుగోళ్లకి ఇచ్చేదాన్ని."

కల్లం రైతు వెంకటేశ్వర్లు తువ్వాలు తలకు చుట్టుకుని ఆకాశం వైపు చూస్తున్నాడు. శనివారానికి కాయలు బస్తాలకెత్తి కోర్టు ఖాళీ చేస్తానని మాటిచ్చాడట. వారంగా మంచు, మబ్బు. కాయ ఎండలేదు.

"ఎంకటేశు బాబాయ్, మాటిచ్చావు గదా" అంది సైదాబీ.

"ఇచ్చాను. మబ్బు నాకిచ్చిందా మాట? పచ్చి కాయ బస్తాకెత్తితే బూజొస్తది. ఏడాది కష్టం. రేటు జూస్తే పడిపోయి ఉంది. ఏం చెయ్యమంటావు చెప్పు, నువ్వే చెప్పు."

సైదాబీ వంగి ఒక కాయ తీసి వేళ్లతో నలిపి చూసింది. వాదిస్తుందనుకున్నాను. ఆమె పుట్టింది ఆ కాయల మధ్యే. ఆయన చెప్పింది నిజమని ఆమెకు తెలుసు. మా జట్టు ఇంకాసేపట్లో వచ్చి సాయంత్రమే తిరిగి వెళ్లిపోవాలి. మోకాలు ఇంకో ఏడాది ఆగదు.

"సగం ఇవ్వు బాబాయ్" అంది. "కాయలు బడిగోడ వైపు లాగుదాం. నాయన రింగు వైపు సగంలో ఆడుకుంటాం. మబ్బెట్టినా కుప్ప మీద పట్టా కప్పడం నీకూ తేలిక."

"లాగేదెవరు? కూలీలంతా చర్చికి పోయారు. పాస్టరుగారు వదిలేసరికి రెండవుతది."

అప్పుడే మా జట్టు వ్యాను వచ్చి ఆగింది. తెల్ల జెర్సీలతో దిగారు తొమ్మిదిమంది. ముందుగా దిగింది జ్యోతి, జట్టులోకెల్లా పొడగరి. ఏళ్ల తరబడి సైదాబీ అందించిన బంతుల్ని రింగులో పెట్టింది ఆమే. పేపర్లో పడ్డ పేరు ఆమెదే. కోర్టు చూసి జ్యోతి బ్యాగు కింద పడేసింది. "ఏంటక్కా ఇది? రెడ్ కార్పెట్ వేశావా మాకు?"

పావుగంటలో అందరి చేతుల్లో చెక్కపారలు, గంపలు. జాతీయ స్థాయి క్రీడాకారిణులు మిరపకాయలు లాగుతుంటే ఊరంతా వచ్చి గోడెక్కి చూసింది. ఆటకు ముందే ఇంత జనం రావడం నా సర్వీసులో చూడలేదు. వెంకటేశ్వర్లు ఒక్క క్షణం ఊరుకోలేదు. "తొక్కమాకండమ్మా! మెల్లిగా! ఒరేయ్, ఆ పొడుగమ్మాయికి పెద్ద గంపియ్యండిరా!" నేనూ ఒక గంప మోశాను. ఆ ఉత్సాహంలో కన్ను దురద పెడితే రుద్దుకున్నాను.

తర్వాత ఏం జరిగిందో రాయలేను, నాకు కనిపించలేదు గనక. చెట్టు కింద కూర్చోబెట్టారు. "చేతులు జుట్టుకి రుద్దుకో సారూ, మంట లాగేస్తది" అని కాశింబీ గొంతు వినిపించింది. ఆ వెంటనే నా తల చూసినట్టుంది. "అయ్యో, నీకు లేదు గదా" అని, కొంగుతో ముఖం తుడిచి, చేతులకు కొబ్బరినూనె రాసింది.

ఆట

కోర్టు సగమే. కాయలు ఎంత లాగినా రెండు కుప్పలు మా సగంలోకి చొచ్చుకొచ్చాయి. మా అమ్మాయిల్నీ బడిపిల్లల్నీ కలిపి రెండు జట్లు చేశాం. సైదాబీ వైపు జ్యోతి. ఎదుటి వైపు రమ్య. సైదాబీ పోయాక మా జట్టుకు పాయింట్ గార్డ్ అయిన కొత్త పిల్ల, చురుకైనది.

కాశింబీ గంప బోర్లించి దాని మీద కూర్చుంది. ఒళ్లో చాటెడు కాయలు. ఆట చూస్తూనే తొడిమలు తుంచుతోంది.

అందరూ చేతులు కడుక్కున్నారు గానీ, కాయలు ముట్టుకున్న చేతులు ఒక్క కడుగుడికి వదలవు. బంతికి కారం అంటింది. చెమట తుడుచుకున్న ప్రతివాళ్లూ కళ్లు మూసుకుని గెంతడమే. సైదాబీ ఒక్కతే భుజంతో తుడుచుకునేది. మా జట్టులో కూడా ఆమె ఎప్పుడూ అలాగే చేసేది. స్టైలు అనుకునేవాళ్లం.

బంతి చేతికి రాగానే ఆ మోకాలు గుర్తులేని మనిషైపోయింది. రెండు కుప్పల మధ్య సందులోంచి బంతిని చీలమండ ఎత్తులో కొడుతూ దూసుకుపోయింది. రమ్య వెంటపడి, కాయలు తొక్కుతానేమోనని అంచున ఆగిపోయింది. "తొక్కితే ఊరుకోను!" అని వెంకటేశ్వర్లు అరుపు. బంతి జ్యోతికి అందింది. జ్యోతి చెయ్యెత్తి మౌలాలి రింగులో పెట్టింది. ఊరు ఊగిపోయింది.

"మళ్లీ ఆ పొడుగుదానికే ఇచ్చింది" అంది కాశింబీ.

ఇంకోసారి. మళ్లీ జ్యోతి. ఇంకోసారి. ఒక బడిపిల్ల. కాశింబీకి ఓపిక పోయింది. చాట పక్కన పెట్టి లేచి నిలబడింది.

"ఏమే! అన్నీ ఊళ్లోవాళ్లకే పంచుతావేందే? ఒక్కటి నువ్వెయ్యవే!"

జనం గొల్లుమన్నారు. సైదాబీ ఆగింది. తల్లిని చూసి నవ్వి, అక్కడ నుంచే గురిపెట్టి విసిరింది. బంతి రింగు అంచుకు తగిలి, ఎగిరి, వెళ్లి మిరపకాయల కుప్ప నడినెత్తిన పడింది.

"ఓరి దేవుడో, నా కాయలు!" అన్నాడు వెంకటేశ్వర్లు.

కాశింబీ మెల్లగా గంప మీద కూర్చుని చాట ఒళ్లోకి తీసుకుంది. "సరేలే" అంది. "ఇచ్చుకో. అందుకా ఇస్తన్నావు."

జ్యోతి నవ్వు ఆపుకోలేక నేల మీద కూర్చుండిపోయింది.

గాలి చల్లబడింది. రోడ్డు అవతల మబ్బు ముదిరింది. వెంకటేశ్వర్లు పట్టా చేతపట్టుకుని నిలబడ్డాడు. సైదాబీ కుంటుతోంది. ఇదే చివరి బంతి అని వేలెత్తి నాకు సైగ చేసింది. పాత అలవాటు.

ఈసారి రమ్య జాగ్రత్తపడింది. సందులోకి వెళ్లనీయకుండా ఎదురు నిలబడి, సైదాబీ కళ్లలోకే చూస్తోంది. సైదాబీ బంతిని కొడుతూ కొడుతూ తల తిప్పి తల్లి వైపు చూసింది. క్షణం కాదు, కాస్త ఎక్కువసేపే. బంతి అటే వెళ్తుందనుకుని రమ్య అటు గెంతింది. చూపు తల్లి మీదే ఉండగా, బంతి మాత్రం రెండో పక్క ఖాళీగా నిలబడ్డ బడిపిల్ల చేతుల్లోకి వెళ్లింది. ఆ పిల్ల కళ్లు మూసుకుని పైకి విసిరింది. అంత ఇరుకు రింగులో అది ఎలా పడిందో నాకు తెలియదు. పడింది.

కాశింబీ చేతులు ఆగిపోయాయి. ఒళ్లో కాయలుండగా ఆ చేతులు ఆగడం నేను చూడలేదు. తుంచిన తొడిమ వేళ్ల మధ్య అలాగే ఉంది.

మొదటి చినుకు నా డైరీ మీద పడింది. "పట్టాలు! పట్టాలు!" వెంకటేశ్వర్లు కేక. రెండు జట్లూ, గోడ మీది జనమూ, చర్చి నుంచి వచ్చిన కూలీలూ కుప్పల మీదకు పరుగెత్తారు. స్కోరు ఎంతో రాసుకోలేదు. అలా జరగడం నాకు ఇదే మొదటిసారి. తడవకుండా కప్పాక వెంకటేశ్వర్లు సైదాబీ దగ్గరికొచ్చి, "వచ్చే ఏడు శివరాత్రికే కోతలైపోతై. కోర్టంతా నీకే" అన్నాడు. పక్కనున్నవాళ్లు, పోయిన ఏడూ ఇదే మాట అన్నాడని గుర్తుచేశారు.

ఇంటికి నడుస్తుంటే కాశింబీ నా పక్కకు వచ్చింది.

"చూశావా సారూ? అంతమంది ఉన్నారు. ఆట మధ్యలో బంతి చేతిలో పెట్టుకుని నా బిడ్డ నన్ను చూసింది. నన్ను చూస్తానే అటు ఇచ్చింది. చూడకండా ఇచ్చింది!" కొంచెం దూరం నడిచి మళ్లీ అంది. "అట్టా అందరికీ రాదు గదా?"

"రాదమ్మా. నాకు తెలిసి ఆమెకొక్కదానికే వచ్చు."

ఈసారి మర్యాదకి అన్నావులే అని అనలేదు.

మాచర్ల

తిరుగు రైలు మాచర్ల నుంచి. ఊరి పొడవునా నాపరాళ్ల దుకాణాలు, పలకలు పుస్తకాల్లా నిలబెట్టి ఉన్నాయి. సైదాబీ మోపెడ్ మీద స్టేషన్ దాకా దించింది. కాశింబీ ఇచ్చిన కారం డబ్బా, పైన బెల్లం గడ్డ నా బ్యాగులో ఉన్నాయి.

ప్లాట్‌ఫారం మీద ఉండబట్టలేక అడిగాను. "మీ అమ్మ నువ్వు తనను చూశావని మురిసిపోతోంది. అసలు సంగతి నేను చెప్పలేదులే. అది రమ్యను బోల్తా కొట్టించడానికేగా?"

సైదాబీ మోకాలి పట్టీ సర్దుకుంటూ తలెత్తలేదు. "రమ్యని బోల్తా కొట్టించడానికైతే ఎటు చూసినా సరిపోయేది సార్."

రైలు కదిలింది. పిడుగురాళ్ల తెల్లదుమ్ము కనిపించేదాకా ఆ మాటే డైరీలో రాసుకుంటూ కూర్చున్నాను. రాయడం అయ్యాక కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకోబోయాను. చేతులు గుర్తొచ్చి ఆగిపోయాను. భుజంతో తుడుచుకున్నాను.